కోరంగి: రేవు పోయినచోట వెలసిన అడవి

పుష్యబహుళ అమావాస్యనాడు మేము చొల్లంగి చేరునప్పటికి ఇంకను బాగుగా తెల్లవారలేదు. కాకినాడనుండి యానాము పోవు బాట పొడవునను బస్సులు, ఆటోలు బారులుతీరి యుండెను. తలలపై మూటలతో, చంకలలో పిల్లలతో జనము స్నానమునకు పోవుచుండెను. మా ముందు నడచుచున్న ఒక ముదుసలి తన కోడలిని ఆపి, “గోదారేదే?” యని అడిగెను. “ఇదే గోదారత్తా,” అని కోడలు చేయి చూపెను. ముదుసలి కనులపై చేయి అడ్డము పెట్టుకొని పరికించి, “ఇదా? ఇది మురుక్కాలవ కదే!” అనెను.

ఆ మాటలో అపచార మేమియు లేదు. గోదావరి ఏడు పాయలుగ చీలి సముద్రమున కలయుననియు, ఆ పాయలు ఏడుగురు ఋషుల పేర వెలసినవనియు, ఆ ఏడు సంగమములందును వరుసగ స్నానము చేయుట సప్తసాగరయాత్ర యనియు మన పెద్దలు చెప్పుదురు. యాత్రకు మొదటి మునక చొల్లంగిలో, తుల్యభాగ సంగమమున. చివరి మునక మాఘశుద్ధ ఏకాదశినాటికి అంతర్వేదిలో, వసిష్ఠ సంగమమున. ఈ తుల్యభాగ ఒకప్పుడు గోదావరి పాయయే కావచ్చును గాని, నేడు ఆ పేరు మిగిలినది పొలముల నీరు దింపుకొనిపోవు ఒక మురుగుకాలువకు మాత్రమే. రెండవ స్నానము కోరంగిలో, ఆత్రేయ సంగమమున. ఆత్రేయ యానాము వద్ద గౌతమినుండి విడివడు చిన్న పాయ. ఇప్పుడది నదికంటె ఉప్పుటేరునకే దగ్గరి చుట్టము. నేడు నిండుగా పారు పాయలలో వైనతేయ యొకటి. అది యాత్రికుల ఏడింటి పట్టికలో లేనేలేదు.

మాకు తోచినంతలో ఈ యాత్రాక్రమము ఒక పాత పటము. కాగితముపై గీయబడక, కాళ్ళతో నడచుచు జ్ఞాపకము పెట్టుకొనబడిన పటము. నది కదలిపోయినను పటము కదలలేదు. మేము ఆనాడు చొల్లంగి దాటి కోరంగి అభయారణ్యమును చూడబోయినది ఈ కదలిన నది జాడలు తెలిసికొనుటకే.

కాకినాడకు దక్షిణముగ సుమారు 18 కిలోమీటర్ల దూరమున ఉన్న ఈ మడ అడవి 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడెను. విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్లకు కొంచెము పైగా. లోపల బురదపై నడచుటకు వీలుగ చెక్కల వంతెన యొకటి చెట్లనడుమ వంకరటింకరగ సాగిపోవును. దానిపై నిలిచి క్రిందికి చూచినచో బురదనుండి వేలకొలది మేకులు పైకి పొడుచుకొని వచ్చినట్లుండును. అవి మడచెట్ల శ్వాసవేళ్ళు. బురదలో గాలి ఆడదు గనుక ఆ చెట్టు వేళ్ళను పైకి పంపి గాలి పీల్చుకొనును. త్రాగిన నీటిలోని ఉప్పును ఆకులగుండ బయటకు విడుచును. ఎండవేళ ఆకును వేలితో తడిమి నాలుకపై పెట్టుకొన్నచో ఉప్పన తెలియును. ఉప్పుపొన్న తీరు మరియొక విధము. దాని గింజ తల్లిచెట్టునకు వ్రేలాడుచుండగనే మొలకెత్తును. నిడుపైన ములుకువలె పెరిగి, అదనుచూచి జారి బురదలో గ్రుచ్చుకొనును; లేదా పోటునీటిపై తేలుచుపోయి మరియొకచోట నాటుకొనును. ఇక తిల్లచెట్టు పాలు కంటబడిన ప్రమాదమని ఇచటి పల్లెవారు పిల్లలను దగ్గరకు పోనీయరు. నీటిలో దిగి చేపను పట్టుకొను నీటిపిల్లి ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు. మాకది కనబడలేదు, బురదపై దాని అడుగుజాడలు మాత్రము పడవవాడు చూపెను. అవి నక్క జాడలు కావని అతడు చెప్పగా నమ్మితిమి.

పడవ ఎక్కి అరగంట గడవకముందే అది నేలకు తగిలి నిలిచిపోయెను. “ఆయ్, నీరు తీసేసిందండి. పోటు రావాలండి,” అని పడవవాడు గడకర్ర బురదలో గ్రుచ్చి, తీరికగ కూర్చుండెను. మేమును కూర్చుంటిమి. ఇంచుమించు రెండుగంటలసేపు అడుగు లోతు నీటిలో, రెండువైపుల మడచెట్ల నడుమ, ఒకప్పుడు పెద్ద ఓడలు లంగరు వేసిన రేవునకు సమీపమున, చిన్న పడవకు సైతము నీరు చాలక మేము నిలిచియుంటిమి. కోరంగి చరిత్రను ఇంతకంటె సులువుగ బోధించు పాఠశాల వేరొకటి యుండదు.

కోరంగి పేరు ఎప్పటిదో చెప్పుట కష్టము. మారీచుడు బంగారులేడియై వచ్చి ఇచట పడెననియు, కురంగమను మాటనుండి ఊరికి పేరు వచ్చెననియు స్థలపురాణము. రోమను రచయిత ప్లినీ చెప్పిన కళింగ భూశిరము ఇదియే యని పందొమ్మిదవ శతాబ్దపు పురాతత్త్వవేత్త కన్నింగుహాము ఊహించెను. ఊహ ఇంపుగనే యున్నది. కాని రెండువేల యేండ్లనాడు గోదావరి మొగ నేటి చోటనే యున్నదని ఎవరు చెప్పగలరు? డెల్టాలో నేడు వరిపొలముల నడుమ కనబడు ఇసుకదిబ్బల వరుసలు పాతకాలపు సముద్రతీరములే. తీరము ముందునకు జరుగుచు వచ్చిన దేశమున పేర్ల పోలికనుబట్టి రేవులను గుర్తించుట ఇసుకపై వ్రాతవంటిది.

రూఢిగ తెలిసినది ఐరోపా వర్తకుల కాలమునుండి. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ పదునెనిమిదవ శతాబ్దారంభమున దాపుననే యున్న ఇంజరములో వర్తకస్థానము పెట్టెను. ఫ్రెంచివారు యానాములో, డచ్చివారు కాకినాడను ఆనుకొనియున్న జగన్నాథపురములో స్థిరపడిరి. అందరికిని కావలసినది గోదావరి సీమ నేతబట్ట. బట్టకు రేవు కావలెను. తూర్పుతీరమంతయు తిన్నని తీరము. ఓడకు చాటునిచ్చు చోటు అరుదు. కోరంగి వద్ద గోదావరి తెచ్చి పోసిన ఇసుక ఒక భుజమువలె సముద్రములోనికి చాచుకొని, నైరృతి ఋతుపవనకాలమున అలలను అడ్డగించెను. ఆ చాటున నీరు చెరువువలె నుండెడిది. అందుచేత ఓడల మరమ్మతునకు, కొత్త ఓడల నిర్మాణమునకు కోరంగి పేరుగాంచెను. పందొమ్మిదవ శతాబ్దారంభమున పెద్ద ఓడలను పట్టు డాకు ఇచట కట్టబడెను. కలకత్తాకును సింహళములోని త్రింకోమలికిని నడుమ పెద్ద ఓడకు డాకు దొరకు చోటు ఇదియొక్కటే యని ఆనాటి గ్రంథములు చెప్పుచున్నవి. ప్రక్కనున్న తాళ్ళరేవులో వడ్రంగులు, ఇనుపపని వారు తరతరములుగ ఓడలపనియే బ్రతుకుతెరువుగ జీవించిరి.

ఇక్కడ ఒక్క విషయము గమనింపవలెను. రేవును చేసినది ఇసుక. రేవును పూడ్చినదియు ఇసుకయే. ఆ రెంటిని తెచ్చినది ఒకే నది. అండనిచ్చు భుజము పెరుగుకొలది దాని లోపలి నీరు నిలకడ చెందెను. నిలకడ చెందిన నీటిలో ఒండ్రు దిగబడెను. ఒండ్రు దిగుకొలది లోతు తగ్గెను. ఓడలవారు ఏ గుణమునుచూచి వచ్చిరో ఆ గుణమే వారిని వెడలగొట్టెను.

అయితే కోరంగి చచ్చినది ఇట్లు మెల్లమెల్లగ మాత్రమే కాదు. నడుమ ఉప్పెనలు వచ్చెను. 1787 మే నెలలో ఒక గాలివాన ఇంజరము, కోరంగి ప్రాంతమును ముంచెను. రెండేండ్లకే, 1789 డిసెంబరులో, అంతకంటె ఘోరమైనది వచ్చెను. ఈ రెంటిని కలగలిపి వ్రాసిన పుస్తకములు లేకపోలేదు. రెండవదాని వర్ణన చదివినవారికి మరపునకు రాదు. మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక నొకటి వచ్చెనట. మొదటి అల దారిలోనిదంతయు ఊడ్చుకొనుచు ఊరిలోనికి నీటిని తెచ్చెను. రెండవది పల్లపునేలనంతయు ముంచెను. మూడవది మిగిలినదానిని తుడిచిపెట్టెను. నీరు తీసిన పిమ్మట మిగిలిన ఇసుక, బురద మేటల క్రింద శవములను గాని సొత్తును గాని వెదకుటకే వీలులేకపోయెనట. ఇరువదివేలమంది చనిపోయిరని చెప్పుదురు. మరల 1832లో వచ్చిన తుపాను ఓడలను పొలములలోనికి తీసికొనిపోయి విడిచెను. 1839 నవంబరులో మరియొకటి.

ఈ 1839 నాటి దానిగూర్చి ప్రపంచ విపత్తుల పట్టికలన్నిటను ఒక లెక్క తిరుగుచున్నది: నలుబది అడుగుల అల, ఇరువదివేల పడవలు, మూడులక్షల ప్రాణములు. మాకీ లెక్కపై నమ్మకము కుదరలేదు. ఇరువదివేల పడవలు పట్టు చోటు ఈ రేవునకు ఏనాడు కలదు? 1789 నాటి ఇరువదివేల ప్రాణములు 1839 నాటి ఇరువదివేల పడవలుగ మారినవేమో యని మా అనుమానము. చనిపోయినవారి సంఖ్యను పెంచుటవలన దుఃఖము పెరుగదు. ఊరు ఊరంతయు పోయినదనుట చాలదా?

హెన్రీ పిడింగ్టను అను ఆంగ్లేయుడు కలకత్తాలో నుండి బంగాళాఖాతపు గాలివానల వివరములను సంవత్సరముల తరబడి సేకరించెను. కోరంగి ఉప్పెన కథ అతని రచనలలో కనబడును. ఓడలవారికై 1848లో ప్రచురించిన గ్రంథములో అతడు ఇట్టి గాలివానలకు “సైక్లోను” అను పేరు ప్రయోగించెను. పాము చుట్ట చుట్టుకొన్నట్లు గాలి తిరుగునని దాని భావము. గ్రీకు మాటనుండి తీసినది. నేడు మన యిండ్లలో రేడియో ముందు కూర్చుండి “తుపాను కేంద్రము కాకినాడకు ఇన్ని కిలోమీటర్ల దూరమున” అని వినునప్పుడు, ఆ శాస్త్రము ఆరంభమైన దినములలో కోరంగి శవముల సాక్ష్యము కూడ అందు చేరినదని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవచ్చును. 1789లో ఆ హెచ్చరిక చేయువారు లేరు. హెచ్చరిక ఉన్నను చాలని రోజులును కలవు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఈ అడవి అంచుననే యున్న బలుసుతిప్ప, భైరవపాలెము మత్స్యకారులు అనేకులు.

ఉప్పెనలకు మిగిలిన రేవునుండి సరకు మాత్రమేగాక మనుష్యులును ఎగుమతియైరి. “కోరంగి ప్యాకెట్” అను ఓడలో 1843లో తమ పూర్వులు వచ్చిరని మారిషసులోని తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. బర్మాలోనైతే తెలుగువాడు ఏ ఊరివాడైనను “కోరంగీ”యే. రంగూను రేవులో బస్తాలు మోసినవారు, ధాన్యపు మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు ఆ పేరుతోనే పిలువబడిరి. పిలుపులో గౌరవము తక్కువ. 1930 మే నెలలో రంగూను రేవు కూలీల సమ్మెవేళ చెలరేగిన అల్లరులలో ఎందరో తెలుగు కూలీలు ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపానువారు బర్మాను ముట్టడించినప్పుడు కాలినడకను అడవులుదాటి వచ్చినవారిలోను వీరు కలరు. వింత యేమనగా, రంగూనులో ఈ పేరు మారుమ్రోగుచున్న దినములలో అసలు కోరంగి రేవు లేనేలేదు. బర్మా ఓడలు కాకినాడ నుండియే పోవుచుండెను. ఊరు చచ్చి దాని పేరు సముద్రము దాటి కూలి చేసికొని బ్రతికెను.

వర్తకము కాకినాడకు తరలుటకు పూడికయే మొదటి కారణము. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై ఇంగ్లండుకు ప్రత్తి కరవైనప్పుడు కాకినాడ రేవు ఒక్కసారి వృద్ధిపొందెను. తాళ్ళరేవు వడ్రంగుల చేతులలో చిన్న ఓడలపని మరికొంతకాలము నిలిచెను. అంతటితో కోరంగి కథ ముగిసినదని చరిత్ర గ్రంథములు పుట త్రిప్పివేయును.

నది మాత్రము పుట త్రిప్పలేదు. లోతు తగ్గిన నీటిలో బురద పైకి తేలెను. తేలిన బురదపై పోటునీటితో కొట్టుకొనివచ్చిన గింజలు నాటుకొనెను. మడచెట్లు లేచి, వాటి వేళ్ళు మరింత ఒండ్రును పట్టి నిలిపెను. మేము కూర్చుండిన పడవ చుట్టునున్న అడవి ఆ విధముగ పెరిగినదే. బ్రిటిషువారి కాలపు పాత దీపస్తంభము నేడు సముద్రమునకు దూరముగ మడచెట్ల నడుమ నిలిచి, రాని ఓడలకు దారి చూపుచున్నట్లుండును. గౌతమి మొగనుండి ఉత్తరముగ సాగిన సన్నని ఇసుకతిప్ప, హోప్ దీవి యనునది, గడచిన సుమారు రెండువందల యేండ్లలో పెరిగి పదునారు కిలోమీటర్లకు మించినది. నైరృతిగాలి అలలు నది పోసిన ఇసుకను తీరమువెంట ఉత్తరమునకు త్రోయుటచే అది ఏర్పడినది. ఒకనాడు కోరంగికి కాపుగ నిలిచిన ఇసుకభుజము వంటిదే నేడు కాకినాడ రేవునకు కాపు. దానిపై ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును.

అభయారణ్యమునకు అధికారులు హద్దులు గీసిరి. గీయుట మంచిదే. గీయనిచో ఈపాటికి మిగిలిన అడవియు వంటచెరకైయుండును, లేదా రొయ్యల చెరువులై యుండును. హద్దునకు ఆవలి చెరువులనుచూచిన ఎవరికైనను ఈ మాట తోచును. క్షీణించినచోట చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటునీరు లోపలికి పోవునట్లుచేసి, మడమొక్కలు నాటుట కొంతకాలముగ జరుగుచున్నది. పల్లెవారే ఆ పని చేసిన చోట్ల అడవి మరల లేచినది. ఇవన్నియు మెచ్చదగినవే. కాని ఈ అడవిని కన్నది హద్దురాయి కాదు, ఒండ్రు. ఒండ్రు రాక తగ్గుచున్నది.

1852లో సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరము ఆనకట్టను పూర్తిచేసెను. డెల్టాకు అన్నముపెట్టిన ఆ కట్టను నిందించు సాహసము మాకు లేదు. ఆనకట్ట ఎత్తు తక్కువ; వరదవేళ నది దానిపైనుండి పొర్లిపోవుచునేయుండెను. అసలు మార్పు ఎగువన పెద్ద జలాశయములు కట్టిన పిమ్మట వచ్చినది: మహారాష్ట్రలో జాయక్వాడి, తెలంగాణములో శ్రీరాంసాగరము, ఉపనదులపై మరెన్నియో. జలాశయమున నీరు నిలుచును. నిలిచిన నీటి అడుగున ఒండ్రు దిగును. 1970 దశకమున ఏటేట సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు ధవళేశ్వరము దాటి డెల్టాకు చేరుచుండగా, 1990 దశకమునకు అది ఆరుకోట్ల టన్నులకంటె తక్కువకు దిగెనని ఆంధ్రవిశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కించిరి. డెల్టా అంచున పలుచోట్ల సముద్రము నేలను కోయుచున్నది. కోసినచోట మడచెట్లు వేళ్ళతోసహా వాలి యుండును. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ తీరము ఏటేట కరగి, ఇండ్లు, గుడులు సముద్రమున కలిసినవి. అందులకు గల కారణములలో హోప్ దీవి పెరుగుదలయు ఒకటి యని చెప్పువారు కలరు. ఒకచోట కాపుగ నిలిచిన ఇసుక మరియొకచోటికి చేరదుగదా.

ఒండ్రు ఎక్కువై కోరంగి రేవు పోయెను. ఒండ్రు తక్కువై కోరంగి అడవి పోవునా? ఈ ప్రశ్న మేము పడవవానిని అడుగలేదు. అతడే వేరొక మాట చెప్పెను. నీరు మెల్లగ పెరిగి పడవ కదలుచుండగా గడకర్రతో ఎడమవైపు చూపి, “అదిగోండి, ఆ చెట్లున్నచోట మా నాన్న వల కట్టేవోడండి. నిలువులోతు నీరండి అప్పుడు,” అనెను. అచట ఇప్పుడు మనిషి దూరలేనంత దట్టమైన మడ. తరువాత ఒక మలుపు తిరిగి, కుడివైపున నీటిలో నిలిచిన ఎండుమోడులను చూపి, “ఇది నా చిన్నప్పుడు అడవండి. ఇక్కడే పీతలు పట్టేవోళ్ళం,” అనెను. రెంటిని ఒకే స్వరముతో చెప్పెను.

పోటు నిండునప్పటికి మేము ఉప్పుటేరు విడిచి అఖాతము కనబడు చోటికి చేరితిమి. దూరమున హోప్ దీవి సన్నని గీతవలె, దానికి లోపలివైపున లంగరు వేసిన ఓడలు. కొంగలు గుంపులుగ లేచి మరియొక బురదతిప్పపై వాలెను. ఎక్కువసేపు నిలుచుటకు పడవవాడు ఒప్పుకొనలేదు. నీరు తీయకముందే తిరిగిపోవలెననెను. తిరిగి చొల్లంగి చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. స్నానములు ఇంకను సాగుచునేయుండెను. తుల్యభాగలోనికి సముద్రపు పోటు ఎక్కి, ఉదయమున మురుగుకాలువగ కనబడిన నీరు గట్టునిండ నిలిచియుండెను.